వేగమును మితవ్యయమును: రెండు మోటారుకార్ల తారతమ్యము

మోటారుకార్ల పేళ్లు మన పాఠశాల బాలురకు చరిత్రపుస్తకములలోని రాజుల పేళ్లకంటె బాగుగా తెలియును. ఏ కారు ఎన్ని సెకండులలో ఎంత వేగ మందుకొనునో తడుముకొనక చెప్పగలవారు ప్రతి తరగతిలోను ఇద్దరు ముగ్గు రుందురు. ఇది తప్పుగాదు. యంత్రములయందు కుతూహలము గల బాలునికి ప్రకృతిశాస్త్రము సులభముగా పట్టుబడును. అయితే “ఏది గొప్పకారు?” అను వాదమున దిగుటకు ముందు “గొప్ప యనగా నేమి?” అను ప్రశ్న కొకింత ఆలోచించి సమాధానము చెప్పుకొనవలెను. అందులకు సహాయముగా నుండునని, ఇంచుమించు ఒకే కాలమున అమ్మకమునకు వచ్చిన రెండు ధనికుల కార్లను పోల్చి యీ వ్యాసమున వివరింపబూనితిని.

ఆ రెండును సెడాన్లు, అనగా ముందు యంత్రమును, నడుమ నలుగురైదుగురు కూర్చుండు చోటును, వెనుక సామానులకై డిక్కీయు గల నాలుగుతలుపుల కార్లు. మొదటిది జర్మనీదేశపు బి.ఎమ్.డబ్ల్యు. సంస్థవారు 2005 మొదలు 2010 వరకు నిర్మించిన ఎమ్ 5. రెండవది జపానుదేశపు టొయోటా సంస్థవారు లెక్సస్ అను పేర 2006లో అమ్మకమునకు పెట్టిన జి.ఎస్. 450 హెచ్. మొదటిది వేగమునకును బలమునకును పెట్టినది పేరు. రెండవది పెట్రోలుయంత్రమును విద్యుద్యంత్రమును కలిపి నడచునది గనుక దానిని హైబ్రిడ్ అందురు. మిశ్రమజాతి కారని దాని తాత్పర్యము.

ముందుగా జర్మను కారును చూతము. బి.ఎమ్.డబ్ల్యు. సంస్థ మొదట విమానముల యంత్రములను చేసి పేరుపొంది, 1928లో మోటారుకార్ల నిర్మాణమునకు పూనుకొనెను. 1972లో పందెపు కార్లకై ప్రత్యేకముగా నొక శాఖ నేర్పరచెను. ఎమ్ అను అక్షర మా శాఖకు గురుతు. మనము చెప్పుకొనుచున్న ఎమ్ 5 కారు యంత్రమునకు పది సిలిండర్లు గలవు. అవి ఐదేసి చొప్పున రెండు వరుసలుగా, వి అను ఆంగ్లాక్షరపు ఆకారమున నిలిచియుండును. వాని మొత్తపు పరిమాణము 5 లీటర్లకు ఒక ఘనసెంటిమీటరు మాత్రమే తక్కువ. ఆ దినములలో ఫార్ములా వన్ పందెములలో పరుగెత్తిన కార్లకును పదేసి సిలిండర్ల యంత్రములే యుండెడివి. పందెపు బాటనుండి యిట్టి యంత్రమును నలుగురు కూర్చుండి పోవు కారులోనికి దెచ్చుటయే యా సంస్థవారి సంకల్పము.

ఈ యంత్రము నిమిషమునకు 8,250 చుట్లు తిరుగగలదు. నాలుగుదశల పెట్రోలుయంత్రమున ప్రతి సిలిండరును రెండు చుట్లకొకసారి మండును. కావున పది సిలిండర్లును కలిసి చుట్టునకు ఐదుసార్లు మండును. లెక్క వేసిన నిమిషమునకు 41,250 మంటలు, సెకండునకు ఇంచుమించు 687 మంటలు! దీని బలము 507 అశ్వశక్తులు. ఐరోపాలో వాడు కొలతనుబట్టి 75 కిలోగ్రాముల బరువును ఒక్క సెకండులో ఒక మీటరు ఎత్తు లేపగల బలమునకు అశ్వశక్తి యని పేరు. ఆ ప్రకారము ఈ యంత్రము 38,025 కిలోగ్రాముల బరువును సెకండునకు మీటరు చొప్పున పైకి లేపగలదన్న మాట.

ఇందొక వింత గలదు. కారును కదలించినప్పుడు యంత్రము పూర్తిబలము నీయదు. 400 అశ్వశక్తులు మాత్రమే యిచ్చును. ఒక మీటను నొక్కినపిమ్మటనే తక్కిన నూటయేడు అశ్వశక్తులును మేల్కొనును. నిత్యపు ప్రయాణమునకు పూర్తిబల మక్కరలేదని దానిని చేసినవారికే తెలియునని దీనివలన గ్రహింపవచ్చును.

ఇక జపాను కారు. టొయోటావారి కుటుంబము మొదట నేతమగ్గముల యంత్రములను చేసినది. వారి మోటారుకార్ల సంస్థ 1937లో నేర్పడెను. 1997 డిసెంబరు మాసమున ఆ సంస్థవారు ప్రియస్ అను చిన్న హైబ్రిడ్ కారును జపానులో నమ్మజొచ్చిరి. భూమి వేడెక్కుటను గూర్చి సకలదేశముల ప్రతినిధులు క్యోటో నగరమున సమావేశమై యొడంబడికకు వచ్చినదియు నా మాసముననే. పిమ్మట తొమ్మిదేండ్లకు ఆ పద్ధతినే ధనికుల పెద్దకారున కనువుగా మార్చి జి.ఎస్. 450 హెచ్ ను చేసిరి.

దానిలో ఆరు సిలిండర్ల పెట్రోలుయంత్ర మొకటి గలదు. దాని పరిమాణము మూడున్నర లీటర్లు, బలము 296 అశ్వశక్తులు. దానికి తోడు రెండు విద్యుద్యంత్రములు గలవు. వానిలో పెద్దది ఒక్కటియే 200 అశ్వశక్తుల పని చేయగలదు. వెనుకసీటు వెనుక నికెలుతో చేసిన బ్యాటరీ యున్నది. 1.2 వోల్టుల చిన్నఘటములు 240 చేర్చి కట్టగా నది 288 వోల్టుల బ్యాటరీ యైనది.

ఈ మూడు యంత్రముల బలమును ఒక్కచోట చేర్చు సాధనము చూడదగినది. నడుమ నొక పండ్లచక్రము, దానిచుట్టును దానిని రాచుకొని తిరుగు చిన్నచక్రములు, వాని నన్నిటిని చుట్టియుండు పండ్లవలయము, ఈ మూడును గలసి యొక కూటము. సూర్యునిచుట్టు గ్రహములు తిరుగునట్లుండుటచేత దీనికి గ్రహచక్రమని పేరు. పెట్రోలుయంత్రము గ్రహములను త్రిప్పును. చిన్న విద్యుద్యంత్రము సూర్యునికి తగిలింపబడియుండును. వలయము కారు చక్రములకు బలము నందించును. పెద్ద విద్యుద్యంత్రమును ఆ వైపుననే చేరియుండును. సూర్యుని వేగమును హెచ్చించి తగ్గించిన, కారు ఎంత వేగమున పోవుచున్నను పెట్రోలుయంత్రమును దానికి హితమైన వేగమున నుంచవచ్చును. గేర్లు మార్చు శ్రమయు లేదు, కుదుపును లేదు.

ఇచ్చట లెక్కలయందు శ్రద్ధగల విద్యార్థి యొక సందేహ మడుగవచ్చును. “పెట్రోలుయంత్రమునకు 296, విద్యుద్యంత్రమునకు 200, మొత్తము 496 కావలెను గదా! ఈ కారు బలము 345 అశ్వశక్తులే యని వ్రాసియున్నారేమి?” మంచి ప్రశ్న. విద్యుద్యంత్రము తానుగా బలమును పుట్టింపదు, ఇచ్చిన విద్యుత్తును త్రిప్పుటగా మార్చును. బ్యాటరీ ఈయగల విద్యుత్తు సుమారు 49 అశ్వశక్తులకు మాత్రమే సరిపోవును. తక్కినది పెట్రోలుయంత్రమునుండియే విద్యుత్తుగా మారి రావలెను. కావున 296కు 49 చేర్చిన 345 అగును. ఒకే ధనమును రెండు ఖాతాలలో వ్రాసికొన్నంతమాత్రమున ధనము రెట్టింపు కాదుగదా!

ఇప్పుడు రెండింటిని ప్రక్కప్రక్కన నిలుపుదము. నిలిచియున్న స్థితినుండి గంటకు 100 కిలోమీటర్ల వేగ మందుకొనుటకు ఎమ్ 5కు 4.7 సెకండులు, లెక్సస్ కు 5.9 సెకండులు పట్టును. అనగా తేడా సెకండుకు మించి స్వల్పము. పైవేగ మన్ననో రెండింటికిని గంటకు 250 కిలోమీటర్లే. జర్మను కారు అంతకంటె వేగముగా పోగలిగియున్నను అచ్చటి సంస్థలవారు తమంతతాము విధించుకొన్న హద్దు అది. పెట్రోలు విషయమున మాత్రము అంతరము పెద్దది. ఆ కాలపు ఐరోపా ప్రభుత్వపరీక్షలో 100 కిలోమీటర్లకు ఎమ్ 5 త్రాగినది 14.8 లీటర్లు, లెక్సస్ త్రాగినది 7.9 లీటర్లు. బరువునందు రెండును ఇంచుమించు సమానములు. సుఖమునందు ఏదియు తీసిపోదు. మరి యీ రెట్టింపు ఖర్చునకు కారణమేమి?

మొదటి కారణము బ్రేకులలో నున్నది. కదలుచున్న వస్తువున గల శక్తిని కనుగొనుటకు దాని ద్రవ్యరాశిని వేగముయొక్క వర్గముచే గుణించి సగము చేయవలెనని పై తరగతులవారు చదివియున్నారు. లెక్కకై కారు బరువు 1,800 కిలోగ్రాములని అనుకొందము. గంటకు 72 కిలోమీటర్లనగా సెకండునకు 20 మీటర్లు. అప్పుడు దానియందు గల శక్తి 3,60,000 జౌలులు. లీటరు పెట్రోలున సుమారు 3 కోట్ల 20 లక్షల జౌలుల శక్తి యున్నను, యంత్రము దానిలో నాలుగవపాలే చక్రములకు చేర్చునని అనుకొన్నచో మనకు దక్కునది 80 లక్షలు. కావున ఆ వేగ మందుకొనుటకు 45 మిల్లీలీటర్ల పెట్రోలు, అనగా మూడు పెద్దచెంచాల పెట్రోలు, వ్యయమగును. ఎదుట ఎఱ్ఱదీపము వెలుగగానే మామూలు కారు బ్రేకులు ఆ శక్తినంతయు వేడిమిగా మార్చి గాలిలో గలిపివేయును. ఇట్లు ఇరువదిరెండుసార్లు ఆగి కదలిన నొక లీటరు పెట్రోలు బ్రేకుల పాలైనదన్న మాట.

హైబ్రిడ్ కారు బ్రేకు నొక్కినప్పుడు విద్యుద్యంత్రము తన పనిని తలక్రిందులు చేసికొనును. చక్రములే దానిని త్రిప్పగా నది విద్యుత్తును పుట్టించి బ్యాటరీలో నిలువచేయును. ఆ శక్తి యంతయు తిరిగి రాదు. మార్పు జరిగిన ప్రతిచోటను కొంత వేడిమియై పోవును. తటాలున గట్టిగా బ్రేకు వేసిన, మామూలు బ్రేకులును పట్టి మఱికొంత పోవును. అయినను మంచిభాగము మిగిలి, మరల కదలుటకు అక్కరకు వచ్చును. కారు ఆగియున్నప్పుడు పెట్రోలుయంత్రమును ఆగిపోవును.

రెండవ కారణము మఱింత సూక్ష్మమైనది. ఇట్టి కారు సమమైన బాటపై గంటకు 100 కిలోమీటర్ల వేగమున నిలుకడగా పోవుటకు ఎంత బలము కావలెనని మీ యూహ? సుమా రిరువది అశ్వశక్తులు చాలును! గాలిని చీల్చుకొని పోవుటకును, టైర్ల రాపిడిని గెలుచుటకును అంతకంటె అక్కరలేదు. తక్కిన వందలకొలది అశ్వశక్తులు ఒక్కసారిగా వేగము హెచ్చించునప్పుడు కొలదిసెకండులు పనికివచ్చి, మిగిలిన కాలమంతయు ఊరక కూర్చుండును. ఊరక కూర్చున్నను తిండి తినక మానవు. పది పిస్టనుల రాపిడిని, సగము మూసిన ద్వారమునుండి గాలిని పీల్చు ప్రయాసను పెట్రోలే భరింపవలెను. పెండ్లినాటి వంటకు తెచ్చిన గుండిగలో దినదినము నలుగురికి అన్నము వండు గృహిణి యుండునా? ఎమ్ 5 చేయునది అట్టి పని. లెక్సస్ కారు ఇంటికి చాలు గిన్నెను పొయ్యిమీద పెట్టుకొని, పదిమంది చుట్టములు వచ్చినపుడు ప్రక్కయింటినుండి మరియొక గిన్నె తెచ్చుకొనును. ఆ రెండవగిన్నెయే బ్యాటరీ.

ఈ యంతరము సంవత్సరము చివర నెట్లు కనబడునో చూడుడు. ఏటికి 15,000 కిలోమీటర్లు నడచిన, పై పరీక్షాఫలితముల ప్రకారము ఎమ్ 5కు 2,220 లీటర్లు, లెక్సస్ కు 1,185 లీటర్లు కావలెను. తేడా 1,035 లీటర్లు. లీటరు నూరు రూపాయలని లెక్కించిన లక్షరూపాయలకు పైబడును. అంతేకాదు. లీటరు పెట్రోలు మండిన సుమారు 2.3 కిలోగ్రాముల బొగ్గుపులుసుగాలి పుట్టును. ముప్పాతిక కిలోగ్రాము బరువు గల పెట్రోలునుండి అంతకు మూడురెట్ల బరువుగల వాయు వెట్లు వచ్చెననగా, మండునప్పుడు గాలిలోని ప్రాణవాయువు దానితో గలియుచున్నది. ఆ తేడావలన ఒక్క కారునుండి ఏటికి రెండువేల మున్నూరు కిలోగ్రాములకు పైగా బొగ్గుపులుసుగాలి యాకాశమున అధికముగా చేరును.

ఇంతమాత్రమున జర్మను కారును నిందించి జపాను కారును పూజింపవలెనని నా యభిప్రాయముగాదు. తీర్పు చెప్పువాడు రెండువైపులను వినవలెను. ప్రభుత్వపరీక్ష పరీక్షాశాలలో మెల్లగా నడిపి చేయునది గనుక, నిజమైన బాటలపై రెండు కార్లకును అంతకంటె అధికముగానే పెట్రోలు పట్టును. హైబ్రిడ్ యొక్క మేలు నగరముల వీధులలో నెక్కువ. ఆగక నిలుకడగా పోవు పెద్దబాటలపై బ్రేకులతో పనియుండదు గనుక ఆ మేలు చాల తగ్గును. ఆ కారులో బ్యాటరీ చోటు నాక్రమించుటచే డిక్కీ యిరుకైనది. బ్యాటరీకి కావలసిన నికెలును గనులనుండి త్రవ్వి తీయవలెను. ఎమ్ 5 నడుపువానికి చేతికిని చెవికిని కలుగు ఆనందము లెక్సస్ ఈయదని ఎరిగినవారందరును ఒప్పుకొందురు. మితవ్యయమే పరమార్థమైనచో చిన్నకారు లెక్సస్ కంటెను తక్కువ పెట్రోలుతో గమ్యము చేర్చును. మూడువందల నలువదియైదు అశ్వశక్తుల కారు నెక్కి నిరాడంబరతను గూర్చి ఉపన్యసించుట వినుటకు బాగుండదు.

కాలక్రమమున ఈ రెండు మార్గములును ఎట్లు కలిసినవో చెప్పవలసియున్నది. లెక్సస్ జి.ఎస్. కార్ల నిర్మాణము 2020లో నిలిచిపోయెను. కాని దాని పద్ధతి నిలువలేదు. 2024లో వెలువడిన క్రొత్త ఎమ్ 5 తానే హైబ్రిడ్ అయినది! ఎనిమిది సిలిండర్ల యంత్రమునకు విద్యుద్యంత్రమును జోడించి 727 అశ్వశక్తులు సాధించిరి. గంటకు 100 కిలోమీటర్ల వేగము 3.5 సెకండులలోనే యందును. ఇంటిలోని విద్యుత్తుతో బ్యాటరీ నింపుకొన్న, పెట్రోలు చుక్కయైన లేక 60 కిలోమీటర్లకు పైగా పోగలదు. అయితే దాని బరువు 2,400 కిలోగ్రాములను దాటినది. 2005 నాటి కారుకంటె ఆరువందల కిలోగ్రాములకు పైగా అధికము. దినదినము విద్యుత్తు నింపుకొనువానికి అది మితవ్యయి. నింపుకొనక నడుపువానికి ఆ బ్యాటరీ యొక మోత. సాధన మొక్కటియే, ఉపయోగించువానినిబట్టి ఫలము మారుచున్నది.

మన యింట నిట్టి కార్లు లేవు గదా, ఈ చర్చ మనకేల యని తల్లిదండ్రులు కొందరు తలంపవచ్చును. రెండు కారణములు చెప్పెదను. మనదేశమున వాడు ముడిచమురులో నూటికి ఎనుబదిపాళ్లకు పైగా పరదేశములనుండి కొనితెచ్చుకొనుచున్నాము. కావున బ్రేకులలో వృథాయగు ప్రతి చెంచా పెట్రోలును దేశము అప్పుపడిన ధనమే. మోటారుసైకిలును ఎఱ్ఱదీపమువరకు దుమికించి అక్కడ తటాలున ఆపు యువకుడును, దూరమునుండియే దీపమును చూచి మెల్లగా వచ్చు యువకుడును ఒకే కాలమున గమ్యము చేరుదురు. మొదటివాని పెట్రోలుమాత్రము ముందుగా అయిపోవును.

రెండవ కారణము ప్రాణములకు సంబంధించినది. పై లెక్కలో వేగము రెట్టింపై గంటకు 144 కిలోమీటర్లైన, శక్తి రెట్టింపు కాదు, నాలుగురెట్లగును. 3,60,000 జౌలులు 14,40,000 జౌలులగును. దానిని అణచుటకు బ్రేకులకు కావలసిన దూరమును నాలుగురెట్లు. తప్పినచో ఢీకొన్న దేహము భరింపవలసిన దెబ్బయు నాలుగురెట్లు. 2022వ సంవత్సరమున మనదేశపు బాటలపై 1,68,491 మంది మరణించినట్లు ప్రభుత్వమువారు ప్రకటించిరి. వారిలో అధికసంఖ్యాకుల మృతికి అతివేగమే కారణమని వ్రాసిరి. ఆ సంఖ్యలో మన విద్యార్థులవంటి పిల్లలును, వారిని చదివించు తల్లిదండ్రులును ఉన్నారు. పుస్తకమున వర్గమను చిన్నయంకె వేసికొని దిద్దించుకొను సూత్రమునకు బాటమీద ఇట్టి యర్థ మున్నది.

ప్రియ విద్యార్థులారా! సువార్తలోని తలాంతుల ఉపమానము మీరందరు విన్నదే. యజమానుడు దాసులను లెక్క యడిగినప్పుడు, ఎవని కెంత యిచ్చితినని గాక, ఇచ్చినదానితో ఏమిచేసితివని యడిగెను. యంత్రమును గూర్చియు మనము అడుగవలసినది అదియే. దానియందెన్ని అశ్వశక్తులున్నవని మాత్రమే యడిగినవాడు సగము ప్రశ్నయే యడిగినవాడు. అందెన్ని పనికివచ్చినవి, ఎన్ని వేడిమియై గాలిలో గలిసినవి, ఆ వేగమునకు పొరుగువాని ప్రాణ మెంతవరకు భద్రముగా నున్నది అని కూడ అడుగుడు. మీలో కొందరు రేపు ఇంజనీర్లు కావచ్చును. ఇంతకంటె బలమైన యంత్రములను చేయుడు, సంతోషము. కాని బ్రేకు వేసినప్పుడు పోవు శక్తిని చేజార్చక పట్టుకొన్న ఆ జపాను కార్మికుల మెలకువను మీ పనిలో మరువకుడు. చదువునకు ఇచ్చిన కాలమునందును, తండ్రి పంపిన రూకలయందును, దేవు డిచ్చిన దేహబలమునందును అట్టి మెలకువ గలవాడు ఏ వృత్తిలోనున్నను నమ్మదగిన గృహనిర్వాహకు డనిపించుకొనును.